పాట చేతులు మారిన దారి

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ కామర్స్ విద్యార్థుల ముందు నల్గొండ జిల్లాకు చెందిన ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో విద్యార్థులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటిని చేర్చాం.)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూడా కళ్లు తెరిచే కూర్చున్నందుకు ముందుగా థ్యాంక్స్. (నవ్వులు)

నాకు ఇచ్చిన అంశం డిజిటల్ సంగీతం, వినియోగదారుల ప్రవర్తన. వినియోగదారుడు కొత్త వస్తువును ఎందుకు చేపడతాడు, ఎందుకు నలుగురికీ చెప్తాడు అన్నది మీ సిలబస్‌లో ఉన్నదే. అయితే మీ పుస్తకంలో ఉదాహరణలన్నీ అమెరికావి. నేను దేవరకొండ వైపు వాణ్ణి. కాబట్టి దేవరకొండ, కల్వకుర్తి, నారాయణపేట ఉదాహరణలతోనే మాట్లాడతాను. అవసరమైనప్పుడు అమెరికా కూడా పోయొద్దాం.

మధ్యలో నిద్రపోయేవాళ్ల కోసం నా వాదన ముందే చెప్పేస్తాను. జనం డిజిటల్ పాటను ఎందుకు పట్టుకున్నారు అంటే చవక అని, సులువు అని అందరం అంటాం. నిజమే, కానీ అది సగం జవాబు. గత ముప్పై, నలభై ఏళ్లలో మన ఊళ్లలో ఏ పరికరం నిలిచింది, ఏది మూలన పడింది అని వరుసగా చూస్తే, పాటను పక్కవాడికి ఇవ్వనిచ్చిన పరికరమే నిలిచింది. మనిషి పాటను వినడానికి ఎంత తీసుకుంటాడో, ఇంకొకరికి ఇవ్వడానికీ అంతే తీసుకుంటాడు. ఈ రెండో పనిని కంపెనీలు చాలాకాలం దొంగతనం కింద మాత్రమే లెక్కేశాయి.

క్యాసెట్ నుంచి మొదలుపెడతాను. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన వస్తువు అది. మన దగ్గర ఇంటింటికీ చేరింది మాత్రం 1980లలో. మీ నాన్నలను అడగండి. తెల్లకాగితం మీద పాటల చిట్టీ రాసుకుని పట్నంలో రికార్డింగ్ షాపుకు పోయేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్టా, తొంభై నిమిషాలదా అని అడిగి, షాపాయన నింపి పెట్టేవాడు. వారం తర్వాత పోయి తెచ్చుకోవాలి. ఆ క్యాసెట్ ఊళ్లోకి వచ్చిందంటే ఇక దాని సొంతదారు ఎవరో ఎవరికీ గుర్తుండదు. టేపు నలిగితే పెన్సిల్‌తో తిప్పి సరిచేసి మళ్లీ ఇంకో ఇంటికి పంపేవాళ్లు. తర్వాత వచ్చిన సీడీ క్యాసెట్ కంటే ఎంతో స్పష్టంగా వినిపించేది. కానీ ఇంట్లో దాన్ని నింపుకునే వీలు లేదు, గీత పడితే పాట అక్కడే ఆగిపోతుంది. మన పల్లెల్లో పాటల సీడీ ఆడింది కొద్దికాలమే. ధ్వని నాణ్యతే ముఖ్యమైతే ఇలా జరగకూడదు కదా.

ఇక అసలు ముచ్చట. సెల్ పాయింట్.

మీలో చాలామందికి ఇది చిన్నప్పటి జ్ఞాపకం అయి ఉంటుంది. బస్టాండ్ దగ్గర చిన్న షట్టర్, ముందర రీఛార్జి ఫ్లెక్సీ, లోపల ఒక కంప్యూటర్, దాని ముందు వేలుగోరంత మెమరీ కార్డు పట్టుకుని నిలబడ్డ జనం. మన వాళ్లు దాన్ని చిప్పు అనేవాళ్లు. పదికో ఇరవైకో చిప్పు నిండా పాటలు ఎక్కించేవాళ్లు. 2000ల చివర్లో, 2010ల మొదట్లో దక్షిణ తెలంగాణలో డిజిటల్ సంగీతం అంటే అదే. యాప్ లేదు, నెట్ లేదు, ఖాతా లేదు, పాస్‌వర్డ్ లేదు. అంగట్లో కూర్చున్న ఆ పిల్లవాడే ఒక సర్వర్.

ఆ చిప్పులో అన్ని పాటలు ఎలా పట్టేవో ఒక్క నిమిషం లెక్క చేద్దాం, కామర్స్ వాళ్లం కదా. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఎడమ కుడి చానళ్లు రెండింటికీ 16 బిట్ల చొప్పున రాస్తారు. అంటే సెకనుకు దాదాపు 1,411 కిలోబిట్లు. ఐదు నిమిషాల పాట యాభై ఎంబీ దాటుతుంది. అదే పాట 128 కిలోబిట్ల ఎంపీ3లో ఐదు ఎంబీ. పదకొండో వంతు. మిగతాది ఎక్కడికి పోయింది? డప్పుల పక్కన నిలబడ్డప్పుడు మన చెవికి పక్కవాడి గుసగుస వినపడదు. పెద్ద శబ్దం చాటున ఉన్న చిన్న శబ్దాన్ని చెవి ఎలాగూ వదిలేస్తుంది కాబట్టి, దాన్ని ఫైలులోనే తీసేస్తే సరిపోతుంది అన్నది ఆ విద్య. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఇంజినీర్లు ఏళ్ల తరబడి దీని మీద పనిచేసి, 1995 జులైలో తమ ఫైళ్ల పేరు చివర ఎంపీ3 అని పెట్టాలని తేల్చుకున్నారు. ఇప్పుడు రెండు జీబీల చిప్పును ఐదు ఎంబీలతో భాగించండి. నాలుగు వందల పాటలు. రికార్డింగ్ షాపులో తొంభై నిమిషాల క్యాసెట్ నింపితే పట్టేవి పద్దెనిమిదో ఇరవయ్యో.

కానీ నాలుగు వందల పాటలు ఎవరు ఎంచారు? ఇక్కడ నాకు చాలా ఆసక్తి. చిప్పు ఎక్కించుకోవడానికి వచ్చిన రైతుకు నాలుగు వందల పాటల పేర్లు చెప్పే ఓపిక ఉండదు. 'పాత ఘంటసాలవి కొన్ని వెయ్యి, జానపదాలు వెయ్యి, కొత్త సినిమాలవి నీ ఇష్టం' అనేవాడు. సెల్ పాయింట్ పిల్లవాడు మనిషిని చూసి ఫోల్డర్ ఎంచేవాడు. లారీ డ్రైవర్‌కు ఒకటి, పెళ్లి బరాత్‌కు ఒకటి, మాల వేసుకున్న స్వామికి ఒకటి. తండా నుంచి వస్తే లంబాడీ పాటల ఫోల్డర్. ఏ రేడియోలో, ఏ టీవీలో రాని లంబాడీ పాటలు దేవరకొండ బస్టాండ్‌లో ఇరవై రూపాయలకు దొరికేవి. ఇవాళ యాప్‌లో 'మీ కోసం' అని వచ్చే జాబితాను కృత్రిమ మేధ అంటున్నాం. ఆ పని పదో తరగతి తప్పిన పిల్లవాడు ముఖం చూసి చేసేవాడు, అదీ వెంటనే. (చప్పట్లు)

సరే, రైతు ఆ షాపుకు ఎందుకు వెళ్లాడు? ప్రకటన చూసి కాదు. దీనికి ఒక పాత అధ్యయనం చెప్పాలి. గద్వాల వైపు సీడ్ పత్తి వేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎవరున్నారు? కొన్ని చేతులు లేచాయి. మంచిది, ఇది మీకు వెంటనే అర్థమవుతుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రయన్, గ్రాస్ అనే ఇద్దరు సోషియాలజీ వాళ్లు 259 మంది రైతులను కలిశారు. హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం ఎప్పుడు వేశారు, ఎవరి మాట విని వేశారు అని అడిగారు. 1943లో ఫలితాలు అచ్చయ్యాయి. కొత్త విత్తనం ఉందన్న సంగతి చాలామందికి కంపెనీ ఏజెంటే మొదట చెప్పాడు. నమ్మకం కుదిరింది మాత్రం పక్క రైతు పొలం చూశాకే. దిగుబడి కళ్లముందే కనిపిస్తున్నా చాలామందికి ఏళ్లు పట్టింది. ఈ తరహా అధ్యయనాలన్నిటినీ కలిపి ఎవరెట్ రోజర్స్ 1962లో రాసిన సిద్ధాంతమే మీరు పరీక్షల్లో రాసేది. కొత్త వస్తువు పాతదాని కంటే మేలుగా ఉండాలి, మన అలవాట్లకు సరిపడాలి, వాడటం తేలికవ్వాలి, కొనే ముందు రుచి చూడటానికి వీలుండాలి, వాడితే నలుగురికీ కనిపించాలి.

చివరి దాని మీద ఒక మాట. పాట కనిపించదు, వినిపిస్తుంది. అప్పట్లో చైనా ఫోన్లు వచ్చాయి, వెనక నాలుగు స్పీకర్లు. కల్వకుర్తి బస్సెక్కితే ఒకరి ఫోన్‌లో పాటలు బస్సంతా వినాలి. మనం విసుక్కున్నాం. కానీ మార్కెటింగ్ లెక్కలో అంతకంటే పెద్ద ప్రచారం ఇంకోటి లేదు. దిగేలోపు ఎవరో ఒకరు అడుగుతారు, 'అన్నా, ఆ పాట బ్లూటూత్ కొట్టవా?'

ఆ బ్లూటూత్ కొట్టడం గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు అనిపిస్తుంది నాకు. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టాలి. పేరు వెతకాలి. అటువైపు ఒప్పుకోవాలి. పాట దాటేదాకా ఇద్దరూ అక్కడే కూర్చోవాలి, లేస్తే తెగిపోతుంది. ఆ కాసేపట్లో ఎన్నో మాటలు. మన పాలమూరు లేబర్ సంగతి మీకు నేను చెప్పాలా? మక్తల్, కోస్గి, దేవరకొండ, అచ్చంపేట. మేస్త్రీ వెంట ముంబై, పుణె పోయి బిల్డింగ్ పనిలో నెలలు ఉండేవాళ్లు. గుంపులో ఒకరి దగ్గర ఊరి పాటలున్న చిప్పు ఉంటే రెండు రోజుల్లో అందరి ఫోన్లలోకి ఎక్కేది. తిరిగి వచ్చేటప్పుడు మరాఠీ పాటలు ఇటు వచ్చేవి. మన దగ్గర పెళ్లిళ్లలో మరాఠీ బీటు మోగడానికి ఏ కంపెనీ ప్రచారమూ కారణం కాదు.

ఇది కొత్తగా వచ్చిన బుద్ధి అనుకోవద్దు. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో నల్గొండ పల్లెల్లో ప్రజాకవి సుద్దాల హనుమంతు పాటలు ఏ రికార్డు మీద తిరిగాయి? నోటి నుంచి నోటికే. పశువులు కాసే పిల్లవాడి మీద ఆయన కట్టిన పాట తర్వాత సినిమాకెక్కింది. సినిమాకంటే ముప్పై ఏళ్ల ముందే ఊళ్లకు తెలుసు. విన్నవాడు పాడగలడు, పాడేవాడు ఒక చరణం కలపగలడు. బ్లూటూత్ ఆ పాత అలవాటుకు దొరికిన కొత్త సాధనం. రోజర్స్ చెప్పిన 'అలవాట్లకు సరిపడటం' అంటే నాకు ఇదే.

పైన, అంటే పెద్ద కంపెనీల లోకంలో, అప్పుడు వేరే యుద్ధం జరిగింది. దాన్ని తొందరగా దాటేస్తాను. 1999లో నాప్‌స్టర్ వచ్చింది. ఒకరి కంప్యూటర్‌లోని పాటను ఇంకొకరు దింపుకోవచ్చు. రెండేళ్లలో కోర్టు కేసులతో మూతపడింది. 2003లో యాపిల్ ఒక్కో పాటను 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది, కానీ తాళం వేసి. కొన్న పాట ఇంకొకరికి ఇవ్వలేరు. ఆ తాళం 2009లో తీసేశారు. రికార్డు కంపెనీల ప్రపంచ ఆదాయం 1999 తర్వాత పదిహేనేళ్లపాటు దిగుతూ వచ్చింది. మళ్లీ పైకి లేచింది స్ట్రీమింగ్‌తోనే, అంటే పాటను దింపుకోకుండా నెట్‌లోనే వినడంతో. 2023లో మొత్తం ఆదాయం 28.6 బిలియన్ డాలర్లు, అందులో మూడింట రెండొంతులు స్ట్రీమింగ్‌దే. ఉచితంగా పంచుకోవడం వల్లే అమ్మకాలు పడ్డాయా అన్నదానిపై ఆర్థికవేత్తలు ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. 2007లో ఒక పేరున్న పత్రికలో వచ్చిన అధ్యయనం, దింపుకోవడం వల్ల అమ్మకాల మీద పడిన ప్రభావం దాదాపు సున్నా అంది. దాన్ని తప్పుబట్టినవాళ్లు చాలామంది. నా మట్టుకు నేను, పంచుకున్నందుకు నష్టమే లేదంటే నమ్మను. పంచుకున్న ప్రతి పాటా ఒక పోయిన అమ్మకం అన్నా నమ్మను. చిప్పు ఎక్కించుకున్న ఆ రైతు సెల్ పాయింట్ లేకపోతే సీడీ కొనేవాడా? కొనడు, ఊరుకునేవాడు.

ఇక్కడ మీకొక చిక్కు ప్రశ్న. పాటకు పైసా ఇవ్వని మన జనం కాలర్ ట్యూన్‌కు నెలకు ముప్పై రూపాయల దాకా ఎందుకు ఇచ్చారు? బ్యాలెన్స్ పది రూపాయలు వేయించుకునే మనిషి కూడా ఇచ్చాడు. ఒక దశలో మన దేశంలో సంగీత కంపెనీల డిజిటల్ ఆదాయంలో పెద్ద వాటా కాలర్ ట్యూన్లదే. ఆలోచించండి.

(ఒక విద్యార్థి: అందరూ పెట్టుకున్నారు కాబట్టి సార్.)

అది ఒకటి. ఇంకోటి?

(ఒక విద్యార్థిని: మన కాలర్ ట్యూన్ మనకు వినపడదు సార్.)

శభాష్. అదీ విషయం. మన కాలర్ ట్యూన్ మనకు వినపడదు. డబ్బు మనది, వినేది ఫోన్ చేసినవాడు. అంటే ఆ ముప్పై రూపాయలు పాట వినడానికి ఇచ్చినవి కావు, వినిపించడానికి ఇచ్చినవి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా ఉద్యమ పాటే. అది పెట్టుకున్న మనిషి తాను ఎటువైపో హలో అనకముందే చెప్పేస్తున్నాడు. అయ్యప్ప మాల కాలంలో స్వామి పాట, పెళ్లి కుదిరితే ఒక పాట. ఉచితంగా దొరికే వస్తువుకు మనిషి ఎప్పుడు డబ్బిస్తాడు అంటే, అది తన గురించి నలుగురికీ ఏదో చెప్పినప్పుడు. అడగకుండానే కాలర్ ట్యూన్ అంటగట్టి బ్యాలెన్స్ కోసిన కంపెనీలూ ఉన్నాయనుకోండి, మా ఇంట్లోనే ఒకసారి పెద్ద గొడవైంది. 2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుని, వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకుంటేనే ఇలాంటి సేవ మొదలుపెట్టాలి అంది.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. మరుసటి మార్చి ఆఖరు దాకా డేటా ఉచితం. 2017లో పదిహేను వందల డిపాజిట్ మీద జియోఫోన్. సెల్ పాయింట్ ముందు నిలబడే జనం ఏడాది రెండేళ్లలో మాయమయ్యారు. చిప్పు అవసరం తీరింది, పాట యూట్యూబ్‌లో ఉంది. ఈ మార్పులో అందరికంటే ఎక్కువ బాగుపడింది ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు. సెల్ పాయింట్ మగవాళ్ల జాగా. ఆడమనిషి అక్కడ నిలబడి నాకు ఫలానా పాట ఎక్కించు అని అడగడం మన ఊళ్లలో అంత తేలిక కాదు. యూట్యూబ్‌లో మా అమ్మ తనంతట తాను ఎల్లమ్మ ఒగ్గు కథ వెతుక్కుంది. టైపు చేయడం రాదు, మైకు గుర్తు నొక్కి 'ఎల్లమ్మ కథ' అంది, వచ్చేసింది. పక్కింటి ఆమెకు అదే చూపించింది. అయోవా మొక్కజొన్న కథే మళ్లీ.

కానీ ఇదే సమయంలో ఇంకోటి మారింది, ఇది మీరు జాగ్రత్తగా గమనించాలి. అప్పటిదాకా మనం పాటనే ఇచ్చేవాళ్లం. ఇప్పుడు పాట ఉన్న చోటు అడ్రసు ఇస్తున్నాం. లింక్. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్ పేరు అందరికీ గుర్తుంది. నెట్ లేకుండా ఫైల్ పంపించే షేరిట్, జెండర్ కూడా ఆ జాబితాలోవే. ఫైల్ ఇచ్చిపుచ్చుకునే అలవాటు అప్పటికే తగ్గుతూ వచ్చింది, దాంతో ఇంకా తగ్గింది. లింక్ పంపడానికి ఇద్దరూ ఒకచోట కూర్చోనక్కర్లేదు. ఒక్క నొక్కుతో యాభై మందికి పోతుంది. అందుకే దానికి విలువ కూడా తక్కువ. మీ ఫోన్లలో తెరవని లింకులు ఎన్ని ఉన్నాయి? (నవ్వులు) పైగా బ్లూటూత్ కొడితే ఆ సంగతి ఇద్దరికే తెలుసు. లింక్ పంపితే ఎవరు విన్నారు, ఎంతసేపు విన్నారు, ఎక్కడ ఆపేశారు అన్నది కంపెనీకీ తెలుస్తుంది. వాళ్ల వ్యాపారంలో పాట కంటే ఈ సమాచారం తక్కువ సరుకేమీ కాదు.

లింక్ వల్ల పోయిన దాన్ని వాట్సాప్ స్టేటస్ కొంత తిరిగి తెచ్చింది. 2017 ఫిబ్రవరిలో వచ్చింది ఇది, అప్పట్లో ముప్పై సెకన్ల వీడియో. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నెట్‌వర్క్ మీద భారం తగ్గించడానికి మన దేశంలో పదిహేను సెకన్లకు కుదించారు కూడా. ఒక్కరు చూడాలని పెట్టి రెండు వందల మందికి చూపిస్తాం. తర్వాత పది నిమిషాలకొకసారి ఎవరు చూశారో తెరిచి చూస్తాం. ఆ ఒక్క పేరు అందులో ఉందా లేదా! ఎందుకు నవ్వుతున్నారు, మీలో ఎవరి సంగతి ఇది? (నవ్వులు) మన మాటల్లో చెప్పలేని దాన్ని చరణం చేత చెప్పిస్తాం. పట్టుబడితే 'పాట బాగుందని పెట్టిన' అని తప్పుకోవచ్చు. ఆ సౌకర్యం దేనిలో ఉంది చెప్పండి.

దీని దెబ్బకు పాట రూపమే మారింది. యూట్యూబ్ జానపదాలు చూడండి. పల్లవికి ముందు తీసే పెద్ద సాకీ లేదు, ముందు సంగీతం లేదు, పల్లవి మొదటి అర నిమిషంలోనే పడాలి. స్టేటస్‌కు కోసుకోవడానికి వీలుగా కడుతున్నారు. పంచుకునే పద్ధతిని బట్టి సరుకు తయారవడం అంటే ఇదే.

ఏ పాట పేలుతుందో ముందే ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరని నిరూపించిన ఒక ప్రయోగం ఉంది. కొలంబియా యూనివర్సిటీలో సాల్గనిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు చేసి 2006లో సైన్స్ పత్రికలో అచ్చేశారు. ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 నెట్‌లో పెట్టారు. పద్నాలుగు వేల మందికి పైగా వచ్చి విన్నారు. కొందరికి పాట పేర్లు మాత్రమే చూపించారు. మిగతావాళ్లను ఎనిమిది వేర్వేరు గదుల్లాగా విడదీసి, ఆ గదిలో ఎవరెన్ని దింపుకున్నారో ఆ లెక్క కూడా చూపించారు. ఒక గదికి ఇంకో గది సంగతి తెలియదు. ఏమైంది? ఒకే పాట ఒక గదిలో మొదటి స్థానం, ఇంకో గదిలో నలభయ్యో స్థానం. పక్కవాళ్ల లెక్క చూపించనిచోట దానికి వచ్చింది ఇరవై ఆరో స్థానం, అంటే నడిమి రకం. మరీ మంచి పాటలు మరీ కింద పడటం అరుదు, మరీ చెత్తవి పైకి రావడమూ అరుదు. కానీ మధ్యలో ఉన్నవాటి గతిని మొదట దింపుకున్న కొద్దిమందే తేల్చేశారు. కోట్ల వ్యూస్ అని మనం చూసే అంకె పాట గొప్పదనాన్ని ఎంత చెప్తుందో, మొదటి వెయ్యి మంది ఎవరన్నదాన్ని కూడా అంతే చెప్తుంది.

నాకు బాధ కలిగించే సంగతి ఒకటి చెప్పి ప్రశ్నలకు వస్తాను. బతుకమ్మ. ఒకరు అందుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని పలికేవాళ్లు. పాట ఇవ్వడం, తీసుకోవడం అక్కడే ఆ వలయంలోనే జరిగేది. ఇప్పుడు ప్రతి ఏడూ కొత్త బతుకమ్మ పాటలు యూట్యూబ్‌లో దిగుతున్నాయి, చాలా బాగుంటున్నాయి కూడా. చౌరస్తాలో డీజే బాక్సులు పెట్టి అవే వేస్తారు. ఆడవాళ్లు చప్పట్లు కొడతారు, అడుగు వేస్తారు, నోరు విప్పరు. ఆ శబ్దంలో విప్పినా ఎవరికి వినిపిస్తుంది? పాట అందరికీ చేరింది, పాడటం ఆగింది. పాతదే గొప్ప అని ఏడ్చే రకం కాదు నేను. కానీ పంచుకోవడం గురించి మాట్లాడుతూ ఈ నష్టాన్ని లెక్కలో వేయకపోతే అది మంచి అకౌంటింగ్ కాదు.

సరే, అడగండి.

(విద్యార్థి: సార్, పెళ్లి బరాత్‌లో డీజే పాటలకు కాపీరైట్ లైసెన్స్ కావాలా?)

మంచి ప్రశ్న, మీ అన్న పెళ్లి ఉందా? (నవ్వులు) 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ మినహాయింపులు చెప్తుంది. మతపరమైన వేడుకల్లో పాట వినిపించడం ఉల్లంఘన కిందికి రాదు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన సామాజిక వేడుకలు కూడా అందులోకే వస్తాయని అక్కడే వివరణ ఉంది. అదే పాటను టికెట్ పెట్టి ప్రోగ్రాం చేస్తే లైసెన్స్ కావాలి. రాత్రి పది దాటాక డీజే ఆపమని పోలీసులు వచ్చేది శబ్ద కాలుష్యం నిబంధనల కింద. దాన్ని దీనితో కలిపి వాళ్లతో వాదించకండి.

(విద్యార్థి: హాస్టల్‌లో మేము ఆరుగురం కలిసి ఒక యాప్ ఫ్యామిలీ ప్లాన్ తీసుకున్నాం. అది కూడా షేరింగేనా సార్?)

షేరింగే, అయితే నిబంధన చదివారా? ఒకే ఇంటి అడ్రసులో ఉండే కుటుంబం అని రాసి ఉంటుంది. హాస్టల్ ఒకే అడ్రసు అని మీరంటారు, కుటుంబం ఎక్కడ అని కంపెనీ అంటుంది. (నవ్వులు) నాకు ఆసక్తి కలిగించేది వేరే. ప్రకటనల మధ్య ఉచితంగా వినగలిగే పాటకు మీరు డబ్బు కట్టారు. ఒక్కడికే అయితే కట్టేవాడివా? ఆరుగురు కలిశారు కాబట్టే కట్టారు. మన దేశంలో ఈ కంపెనీలకు చందాదారులు పెరగాలంటే ఈ హాస్టల్ గదుల లెక్క అర్థం చేసుకోవాలి.

(విద్యార్థిని: సార్, మాది అచ్చంపేట దగ్గర. మా చిన్నాన్న పాటలు రాస్తాడు, పాడతాడు. ఒక యూట్యూబ్ చానల్ వాళ్లు ఒకేసారి డబ్బులిచ్చి అన్ని హక్కులూ రాసిమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?)

అమ్మా, దీనికి కొంచెం పొడుగు జవాబు చెప్తాను. మీ పక్క లింగాల మండలం అవుసలికుంటకు చెందిన మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెరతో 2021లో ఒక సినిమా పాట మొదలుపెట్టారు. ఊరూరా ఆ గొంతు మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాద్ శివారులో ఆయన కూలి పని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. పాట పంచుకున్నవాళ్ల సంఖ్యకు, పాడినవాడి ఇంటికి చేరే డబ్బుకు మధ్య దారి లేదు. ఆ దారి ఒప్పంద పత్రంలో వేసుకోవాలి.

మీ చిన్నాన్న రెండు పనులు చేస్తున్నాడు కదా, రాయడం, పాడటం. రాసినవాడికి, బాణీ కట్టినవాడికి కాపీరైట్ చట్టం 2012 సవరణ ఒక గట్టి హక్కు ఇచ్చింది. హక్కులు అమ్మేసినా రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు వాళ్లకు ఉంటుంది. దాన్ని వారసులకు, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. రాసిచ్చినా చెల్లదు. పాడినవాళ్లకు కూడా వాణిజ్యంగా వాడుకున్నప్పుడు రాయల్టీ హక్కు ఉంది. రాసేవాళ్లకు, బాణీ కట్టేవాళ్లకు ఐపీఆర్ఎస్ అనే సొసైటీ 1969 నుంచి ఉంది. సభ్యత్వం తీసుకోమనండి. ఇంకోటి, ఆయన రాసింది పాత జానపదం మీద కట్టిందా, పూర్తిగా సొంతమా? పాత బాణీకి ఎవరూ సొంతదారు కాదు. కానీ దాని రికార్డింగ్‌కు ఉంటారు. ఒకసారి చానల్ వాళ్ల పేరున యూట్యూబ్‌లో నమోదైతే, రేపు మీ చిన్నాన్న తన ఫోన్‌లో ఆ రికార్డింగ్ పెట్టుకున్నా ఆయన వీడియో మీదికే కాపీరైట్ క్లెయిమ్ రావొచ్చు. కాబట్టి ఆ రికార్డింగ్‌ను తన సొంత చానల్‌లో పెట్టుకునే హక్కు తనకు ఉంటుందని ఒప్పందంలో రాయించుకోమనండి. డబ్బు అవసరం ఉంటే తీసుకోమనండి, తప్పేం లేదు. సంతకం మాత్రం ఇవాళే పెట్టొద్దు. ఒప్పందం ఇంగ్లిష్‌లో ఉందా?

(విద్యార్థిని: ఉంది సార్, నాలుగు పేజీలు.)

నాలుగు పేజీలూ ఫొటో తీసి నాకు పంపు. నాకు తెలిసిన వకీల్ ఉన్నారు, చూపిస్తాను. అప్పటిదాకా చానల్ వాళ్లకు ఏం చెప్పాలంటే, ఇంట్లో చదువుకున్న పిల్ల ఉంది, ఆమె చూడాలంటుంది అని చెప్పమను. (చప్పట్లు) వెనక వరుసలో ఇంకో చెయ్యి కనిపిస్తోంది, మైకు అటు ఇవ్వండి.